ఆకుకూరల గంప, లోపలి నడికట్టు

ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్న మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పార్కులో, జిమ్ములో, టీవీలో ఎక్కడ చూసినా అదే. మోచేతుల మీద ఆనుకుని, మొహం కందగడ్డలా చేసుకుని, పక్కన ఫోనులో సెకన్లు చూసుకుంటూ "కోర్ స్ట్రాంగ్ చేసుకుంటున్నామండీ" అంటారు. చేసుకోండి నాయనా, వద్దనను. కాస్త గాలి పీల్చుకుంటూ చేసుకోండి. ఈ ఒక్క మాట దగ్గర నేనెందుకింత మొండిగా ఉంటానని ఫిజియోథెరపీలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. దానికి జవాబు ఆకుకూరలమ్మే ఒకావిడ. ఆవిడ పేరు చెప్పను. ఆ మాటకొస్తే ఎవరి పేరూ చెప్పను. ఉన్నవాళ్లు మొహమాటపడతారు, పోయినవాళ్లను అడిగి రాసే వీలు లేదు.

నాది తెనాలి వైపు. ఉద్యోగం వచ్చి తొంభైల మొదట్లో హైదరాబాదు చేరాను. పాతబస్తీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి, దాని వెనక వరండా చివర మా ఫిజియోథెరపీ గది. కాపురం ఛత్రినాకలో, అద్దె వాటా. అప్పట్లో నడుం నొప్పితో ఎవరొచ్చినా మా దగ్గర ఉన్నవి కొన్నే. వేడి పెట్టే యంత్రం, బరువులు కట్టి నడుం సాగదీసే ట్రాక్షన్ బల్ల, నడుముకు బెల్టు. వీటితో పాటు "కదలకుండా పడుకోండి" అనే సలహా ఒకటి. ఆ సలహా రాసిచ్చే డాక్టర్లకు, ఇంట్లో కదలకుండా పడుకునే ఆడవాళ్లు ఎక్కడైనా ఉంటారా అన్న అనుమానం వచ్చేది కాదు.

మా గదికి పెద్ద ఒక సారు. వరంగల్ వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవారు. ట్రాక్షన్ బల్లంటే ఆయనకు ప్రాణం. పొద్దున్నే వచ్చి తన రుమాలుతో దాన్ని తుడిచేవారు, ఎవరినీ తుడవనిచ్చేవారు కాదు. ఇంకొకరు మా ఆయా. హుస్సేనీ ఆలంలో పుట్టి, అక్కడే పెళ్లాడి, అక్కడే మనవలను ఎత్తిన మనిషి. ఆమెను ఆసుపత్రంతా ఆపా, అంటే అక్క, అనే పిలిచేది. తెలుగు, దక్కనీ కలిపి మాట్లాడేది, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో ఆమెకే తెలియదు. నా కోస్తా తెలుగును, ముక్కలు ముక్కలుగా వచ్చే నా హిందీని ఆ ఇద్దరూ సమానంగా ఎగతాళి చేసేవాళ్లు.

తొంభైలు ముగిసే రోజుల్లో నన్ను వేరే ఊళ్లో ఒక శిక్షణకు పంపారు. అక్కడ మొదటిసారి విన్నాను, నడుము చుట్టూ లోపలి పొరలో ఒక కండరం ఉంటుందని, అది పుట్టుకతోనే కట్టి పంపిన నడికట్టు లాంటిదని. చెయ్యి ఎత్తినా, అడుగు వేసినా అంతకు రెప్పపాటు ముందే అది మెల్లగా బిగిసి వెన్నును పట్టుకుంటుంది. వెన్నుపూసల పక్కనే ఉండే చిన్న చిన్న కండరాలు దానికి తోడు. నొప్పి వచ్చినప్పుడు ఇవి పని మానేస్తాయి. నొప్పి తగ్గాక కూడా వాటంతట అవి డ్యూటీలో చేరవు. మేము ప్రభుత్వోద్యోగులం కాబట్టి ఈ సంగతి మాకు తొందరగానే అర్థమైంది. వాటిని పిలిచి మళ్లీ పనిలో పెట్టాలి, అదే వైద్యం అన్నారు.

నేను ఉత్సాహంతో ఊగిపోతూ తిరిగొచ్చి సారుకు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, బల్ల మీద చెయ్యి వేసి అన్నారు.

"ఏందమ్మా, మా ట్రాక్షన్ మీద పగబట్టినవా? పొట్ట జెర లోపలికి గుంజు అని చెప్పి పంపిస్తె, గింత దూరం బస్సుల వచ్చినోళ్లు మనల్ని ఏమంటరు?"

"తగ్గితే ఏమీ అనరు సార్."

"తగ్గాలె గద," అన్నారు. కానీ వద్దనలేదు. ఆయనలో నాకు నచ్చేది అదే, నమ్మకపోయినా దారికి అడ్డం నిలబడరు.

వానాకాలం వెళ్లిపోతుండగా ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, గట్టి ఒళ్లు. గోడ పట్టుకుని వరండా అంతా నడిచి మా గుమ్మంలో ఆగింది. ఆపా చూడగానే చేతిలో ఉన్న దుప్పట్లు వదిలేసి పరిగెత్తింది.

"అరె, అంబాడా అమ్మా! నీకేమైంది? మా గల్లీకి ఎందుకు రావట్లే?"

అంబాడా అంటే మా గోంగూర. ఆవిడ ఇంట్లో అది పుంటికూర. ఛత్రినాకలో అటు కొసన ఉండేది, పొద్దున్నే మండిలో ఆకుకూరలు కొని గంపకెత్తుకుని హుస్సేనీ ఆలం సందుల్లో అమ్మేది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అదే పని. నడుము నొప్పి పిరుదు మీదుగా ఎడమ పిక్క దాకా దిగింది. ఎముకల డాక్టరుగారు స్కానింగ్ తీయించి, డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. కాలిలో బలం తగ్గలేదు, మూత్రం అదుపు తప్పలేదు కాబట్టి కొన్నాళ్లు ఆగవచ్చన్నారు. రంజాన్ నెలకు ముందు మళ్లీ చూస్తాను, తగ్గకపోతే ఆపరేషన్, తగ్గినా సరే గంప మాత్రం బంద్ అన్నారు. ఆవిడను భయపెట్టింది ఆపరేషన్ కాదు, ఆ చివరి మాట.

"గంప దించుమంటున్నడు డాక్టరమ్మా. దించి నేనేం జెయ్యాలె?"

"తోపుడు బండి పెట్టుకోవచ్చుగా అక్కా?"

"గా సందులల్ల బండి మలుగుతదా? అడుగుకో గడప, గడపకో మెట్టు. ఇంక కూసుండి అమ్మాల్నంటె, పరదా యెన్క ఉన్నోళ్లు బజారుకొచ్చి కొంటరా? నేను పోతెనే వాళ్లకు ముచ్చట. వాళ్లతోని మాట్లాడకుంటె నాకు పొద్దు పోదు. ఇంట్ల కూసుంటె నన్ను ఎవరు పిలుస్తరు చెప్పు?"

కొడుకు ఆటో నడిపేవాడు, ఇల్లు గడిచేది. కావలసింది అది కాదు. ఆ సందుల్లో ప్రతి గుమ్మమూ ఆవిడను ఎరుగును. ఏ ఇంట్లో పురుడొచ్చిందో, ఏ ఇంట్లో సంబంధం కుదిరిందో పక్కింటికి ఆవిడే మోసుకెళ్లేది. గంప పోతే ఆ మనుషులు పోతారు. ఆవిడకు అంతా దాని మీదే ఉంది.

బల్ల మీద పడుకోబెట్టి చూద్దును కదా, నడుముకు ఆసుపత్రి బెల్టు. దాని మీద పాత చీర చింపి కట్టిన గుడ్డ. ఆ పైన కొంగు తిప్పి దోపిన ముడి. నిద్రలో కూడా విప్పడం లేదట.

"ఎంత బిగ్గెన కడ్తె అంత మంచిదన్నరు," అంది.

ఎవరన్నారంటే, ఇంటి చుట్టుపక్కల అందరూ అన్నారు. మూడు కట్లు బయట ఉంటే లోపలి నడికట్టుకు ఇక పనేముంది? హాయిగా పడుకుంది. ముందు పగలు కాసేపు విప్పమన్నాను. బట్టలు విప్పమన్నంత కంగారు పడింది. ఆపా పక్కన కూర్చుని ఏదో గుసగుస చెప్పి ఒప్పించింది.

ఇప్పుడు ఈ పనికి ప్రత్యేకమైన పరికరాలొచ్చాయి. నాకు దొరికింది బీపీ చూసే యంత్రం. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెట్టి, దాని పట్టీని నడుం కింద పెట్టి కొంచెం గాలి కొట్టేదాన్ని. బొడ్డు కింది భాగాన్ని మెల్లగా, చాలా మెల్లగా లోపలికి తీసుకోవాలి. ఊపిరి మామూలుగా ఆడుతూ ఉండాలి. సరిగ్గా చేస్తే పాదరసం నిలకడగా ఉంటుంది, తుంటి ఎముక పక్కన పెట్టిన నా వేళ్ల కింద కండరం మెత్తగా గట్టిపడుతుంది.

"నడుముకు గూడ బీపీ ఉంటదా?" అంది ఆవిడ.

"నీ నడుముకు ఉన్నట్టే ఉంది."

"ఉంటది. దానికి నా మీద మస్తు కోపమున్నది."

నవ్వించే మనిషే. కానీ "మొదలెట్టు" అనగానే బిగుసుకుపోయేది. దర్జీ కొలత తీస్తున్నప్పుడు కొందరు పొట్ట కనబడకుండా నిలబడతారు చూడండి, అలాగ. ఊపిరి బిగబట్టి, పక్కటెముకలు పైకి లేపి, పళ్లు కరిచి. పాదరసం ఎగిరి పడేది, నా వేళ్ల కింద పొట్ట బయటికి పొడుచుకొచ్చేది. గాలి వదలమంటే పొట్ట వదిలేసేది. పొట్ట పట్టమంటే గాలి ఆపేసేది. నడికట్టు బిగించడమంటే ఊపిరి బిగించడమని ఆవిడ మనసులో పడిపోయింది. పొద్దస్తమానం మూడు కట్ల కింద మూలుగుతూ బతికిన ఒంటికి అంతకంటే ఏం తెలుస్తుంది? వారాలు గడుస్తున్నాయి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. సారు అటుగా పోతూ తొంగిచూసి, "ఏమమ్మా, ఇంకా నిద్ర లేవలేదా మీ కండరం?" అనేవారు. నేను పళ్లు నూరుకునేదాన్ని.

దాన్ని నిద్ర లేపింది నేను కాదు, ఆపా.

ఆ రోజు గది బయట బాగా జనం. ఆవిడ బల్ల మీద పడుకుని ఉంది, నా వేళ్లు పొట్ట మీద ఉన్నాయి, ఇద్దరికీ విసుగొచ్చి ఉంది. ఆపా దుప్పటి మడతపెడుతూ ఉన్నట్టుండి అంది.

"అమ్మా, నువ్వు రాకపోతె మా గల్లీ మొత్తం సూనా అయింది. ఒక్కసారి ఆవాజ్ ఇయ్యవా? మస్తు దినాలైంది విని."

"ఈడనా? డాక్టరమ్మ కొడ్తది."

"నకో ఫికర్. మెల్లగ ఇయ్యి."

ఆవిడ నా మొహం చూసింది. నేను కానిమ్మన్నాను, ఎలాగూ పని జరగడం లేదు కదా అని. ముందు గొంతులోనే గొణిగింది. తర్వాత ఏమనుకుందో, కళ్లు మూసుకుని పూర్తి గొంతుతో ఎత్తుకుంది.

"పాలా...క్! కొత్మీ...ర్! పుదీనా...! అంబాడా...!"

నా వేళ్ల కింద ఆ కండరం కదిలింది. పొట్ట బయటికి తోసుకురాలేదు. లోపల, లోతుగా, రెండు పక్కల నుంచీ ఒకేసారి మెల్లగా దగ్గరికొచ్చి నిలబడింది. గొంతు సాగినంతసేపూ అలాగే ఉంది. గాలి తీసుకుంది, మళ్లీ పిలిచింది, మళ్లీ వచ్చింది. పాదరసం కదిలిందా అంటే కదలలేదు. నాకు ఒళ్లంతా పులకరించింది. "ఆపకు అక్కా, ఆపకు, ఇంకా పిలువు!" అని నేనూ అరిచాను.

వరండాలో ఎవరో, "కొత్మీర్ ఎట్లిస్తున్నరమ్మా?" అని అడిగారు. గుమ్మంలో తలలు మూగాయి. సారు పరుగున వచ్చారు.

"ఇది దవఖాననా, మండియా?"

"సార్, పాదరసం చూడండి. ఊపిరి ఆపడం లేదు, చూడండి!"

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. ఆవిడ భయపడి ఆపేసింది. "పిలువమ్మా, పిలువు," అన్నారు. ఆవిడ పిలిచింది. ఆయన చాలాసేపు అలాగే చూసి, వెళ్లి తన ట్రాక్షన్ బల్ల అంచున కూర్చున్నారు.

"రేపటి సంది తలుపు బంద్ జేసి అరిపియ్యి," అన్నారు. ఆ ఒక్క మాటకు నేనాయనకు ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. ఇంకో పెద్దాయన ఎవరైనా అయితే మెమో చేతిలో పెట్టేవాడు.

అక్కడి నుంచి దారి దొరికింది. కేక నుంచి మామూలు మాటకు, మాట నుంచి ఊరికే ఊపిరికి దించాము. పడుకుని చేసింది కూర్చుని చేసింది, కూర్చుని చేసింది నిలబడి చేసింది. నేను ప్రశ్నలు వేసేదాన్ని, ఆవిడ నడికట్టు వదలకుండా కబుర్లు చెప్పేది. హుస్సేనీ ఆలంలో ఎవరి కోడలు ఎలాంటిదో నాకు మొత్తం తెలిసిపోయింది. చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం కూడా నేర్పాను, వెన్ను పక్క కండరాల కోసం. చీర కుచ్చిళ్లు అడ్డమొస్తుంటే గోచీ పోసుకుని చేసింది. మూడు కట్లలో ముందు గుడ్డ పోయింది, ఆ తర్వాత బెల్టు పోయింది. చివర్లో తల మీద చుట్టబట్ట పెట్టి, ఆపా తెచ్చిన గంపలో కొద్దికొద్దిగా బరువు వేసి గదిలోనే నడిపించాను. గంప తల మీదికి రాగానే ఆవిడ వెన్ను దానంతట అదే నిటారుగా లేచేది, మొహం కూడా.

రంజాన్ దగ్గర పడింది. ఎముకల డాక్టరుగారు పరీక్ష చేశారు. కాలు ఎత్తి చూశారు, వంగమన్నారు, లేవమన్నారు. పిక్కలో నొప్పి లేదు. "చాలా నయం. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదు," అని సంతోషించారు. ఆవిడ నవ్వబోయింది. "కానీ గంప మాట మర్చిపో. మళ్లీ ఎత్తావంటే మొదటికొస్తావు," అన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మొదటికొచ్చిన నడుములు ఆయన చాలా చూశారు.

ఆవిడ మా గదికొచ్చి బల్ల మీద కూర్చుంది. ఆపా చాయ్ ఇస్తే తాగలేదు. అంతకుముందు నొప్పితో గోడ పట్టుకుని వచ్చినప్పుడు కూడా ఆవిడను నేనలా చూడలేదు. అప్పుడు సారు నన్ను పక్కకు పిలిచారు.

"ఆమె గంప ఎట్ల మోస్తదో మనం ఎవలమన్న చూసినమా? డాక్టర్ చూడలే, నువ్వు చూడలే, నేను చూడలే. చూడకుండ ఎత్తొద్దని చెప్పుడు అల్కగనే ఉంటది. నువ్వు ఒక పూట ఆమె ఎంబడి పొయ్యి చూసి రా. నేను డాక్టర్ సాబ్‌తోని మాట్లాడ్త."

ఆయన మాట్లాడారు. "మేడమ్ చూసి చెప్పనివ్వండి, దాన్ని బట్టి చూద్దాం," అన్నారట డాక్టరుగారు. అంటే నేను చూసొచ్చి ఏం చెబితే అది.

చలికాలం పొద్దు. మండి నుంచి గంప నిండా ఆకుకూరలు, మంచు తడితో బరువు. మండిలో కూలీ ఒకతను చెయ్యి వేసి గంప ఎత్తాడు. ఆవిడ ముందు, నేను వెనక. నడకలో వంక పెట్టడానికి లేదు. మెడ, వెన్ను, నడుము ఒకే గీతలో ఉన్నాయి. పిలుస్తూ నడుస్తోంది, ఊపిరి ఆడుతోంది. మోయడం వల్ల ఈ నడుముకు వచ్చిన ముప్పేమీ లేదని నాకు అనిపించింది, మనసులోనే గంతేశాను.

మొదటి గుమ్మం దగ్గర సంగతి బయటపడింది. అమ్మాలంటే గంప దించాలి. ఆవిడ ఒంటరిగా రెండు చేతులా అంచు పట్టుకుని, ఒక కాలు వెనక్కి వేసి, నడుము పక్కకు మెలితిప్పి, గంపను తల మీంచి భుజం పక్కగా నేల మీదికి జార్చింది. చాలా చాకచక్యంగా చేసింది. చేసి, లేస్తూ చెయ్యి నడుం మీద వేసుకుంది. అమ్మకం అయ్యాక మళ్లీ అలాగే మెలి తిరిగి ఎత్తుకుంది. రెండో గుమ్మం, మళ్లీ అంతే. లోపలి కండరాన్ని ఎంత లేపినా, పొద్దంతా నిండు గంపతో మెలి తిరిగితే ఏ వెన్ను ఓర్చుకుంటుంది?

"అక్కా, దించేటప్పుడు ఎవరినైనా చెయ్యి వెయ్యమను."

"ఎవర్నడగాలె? మొగోళ్లు పనులకు పోయిన్రు. ఆడోళ్లు పరదా దాటి రారు. ఇన్నేండ్ల సంది నా గంప నేనే దించుకుంటున్న, ఎన్నడన్న ఒకర్ని అడిగిన్నా?" కొంచెం గర్వంగానే అంది. ఆ వెంటనే నా మొహం చూసి ఆగిపోయింది. నేను డాక్టరుగారికి ఏం చెప్పబోతున్నానో ఆవిడకు అర్థమైంది.

"నువ్వు గూడ వద్దనే చెప్తవా?" అంది.

నాకు అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నిజం చెప్పడం అంతకన్నా ఇష్టం లేదు. ఇద్దరం ఆపా వాళ్ల సందులోకి తిరిగాం. అక్కడ ఒక పాత పెద్ద ఇల్లు. ఎత్తు గడప, గుమ్మానికి మందపాటి పరదా. ఆవిడ గొంతు విని లోపల అడుగుల చప్పుడైంది.

"కౌన్? అంబాడావాలీ? ఇత్తే దిన్ కాఁ థీ?" ఒక ముసలి గొంతు. ఇన్నాళ్లు ఎక్కడున్నావని.

ఆవిడ గంప దించబోతూ కాలు వెనక్కి వేసింది. నేను ముందుకు దూకి అంచు పట్టుకుని ఆపాను. పరదాకేసి తిరిగి నా హిందీ మొదలుపెట్టాను. ఆ హిందీ ఆపా వింటే నెల రోజులు నవ్వేది.

"అమ్మీజాన్, ఇస్‌కా కమర్ మే దర్ద్ హై. యే గంప నీచే రఖ్‌నా నై. ఆప్ లోగ్ హాత్ దేనా. హాత్ దియేతో ఇస్‌కా కామ్ బచేగా."

నడుం బాగాలేదు, ఒంటరిగా దించకూడదు, మీరు చెయ్యిస్తే ఆమె పని నిలుస్తుంది అని నా ఉద్దేశం. ఆవిడ నా కొంగు పట్టి లాగింది.

"వద్దు డాక్టరమ్మా. పెద్దింటోళ్లు. ఏమనుకుంటరో."

పరదా కదిలింది. రెండు చేతులు బయటికొచ్చాయి. ముడతలు పడ్డ చేతులు, గోళ్లకు పాత గోరింట, మణికట్టుకు గాజులు. వాటి పక్కనే ఇంకో రెండు చేతులు, పడుచు పిల్లవి. ఎత్తు గడప మీద నిలబడ్డారు కాబట్టి ఆ చేతులు సరిగ్గా గంప ఎత్తుకు అందాయి. నాలుగు చేతులూ గంప అంచు పట్టుకున్నాయి. ఆవిడ వంగలేదు, మెలి తిరగలేదు, నిటారుగా నిలబడి ఉంది. గంప తల మీంచి తేలిపోయి పరదా లోపలికి వెళ్లింది. లోపల తఖ్తు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "అందర్ ఆ," అంది ముసలి గొంతు. ఆవిడ పరదా తొలగించుకుని వెళ్లింది. నేను బయట మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఒకటే నవ్వులు, కబుర్లు. ఇన్నాళ్ల కబుర్లు మరి. ఆ పొద్దు మెట్టు మీద కూర్చున్నంత సంతోషంగా నేను కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు.

గంపను మళ్లీ ఆ చేతులే ఎత్తి తల మీద పెట్టాయి. పరదాల వెనక వార్త ఎలా నడుస్తుందో నాకు తెలియదు గానీ, మాకన్నా ముందే నడిచింది. పక్కింట్లో మాత్రం అడగాల్సి వచ్చింది. ఆ పైన ఇంట్లో సగం మాటకే పరదా కదిలింది. తర్వాత ఇళ్లలో ఆవిడ గడప దగ్గర ఆగితే చాలు, చేతులు వచ్చేవి.

డాక్టరుగారికి చూసింది చూసినట్టు చెప్పాను, దించడం ఎక్కడ చెరుపు చేసిందో, చేతులు ఎక్కడి నుంచి వచ్చాయో. ఆయన పెన్ను మూసి, "అయితే కానివ్వండి, నేను మాత్రం చూస్తూ ఉంటాను," అన్నారు. రెండువేలు దాటాక కూడా చాలా ఏళ్లు ఆవిడ ఆ సందుల్లో తిరిగింది. మధ్యలో ఒకటి రెండుసార్లు నొప్పి వచ్చింది, పోయింది. ఆపరేషన్ అవసరం పడలేదు. అందరికీ అలా జరిగిందని చెప్పను. కేకలు పెట్టించినా తగ్గనివాళ్లు, ఆపరేషన్‌తోనే బాగుపడ్డవాళ్లు నా చేతుల మీదుగా ఎందరో వెళ్లారు. ఆ లోపలి కండరం ఒక్కటే సర్వస్వం కాదని, మానకుండా చేస్తే ఏ వ్యాయామమైనా నడుముకు మేలేనని తర్వాత మా రంగంలో పెద్దవాళ్లే అన్నారు. నాకేం బాధ లేదు. పిల్లలూ, కండరాన్ని వేళ్లతో వెతకండి, తప్పకుండా వెతకండి. ఆ మనిషి బరువు ఎక్కడ ఎత్తుతుందో, ఎక్కడ దించుతుందో కూడా ఒక పూట వెళ్లి చూసి రండి.

నేను వెంట తిరిగిన ఆ రోజు, చివరి ఇంటి దగ్గర గంప దాదాపు ఖాళీ. పొద్దు నడినెత్తికొచ్చింది. నా కాళ్లు పీకుతున్నాయి, ఆవిడ మాత్రం చెక్కుచెదరలేదు. చుట్టబట్ట దులుపుకుంటూ నాకేసి తిరిగింది.

"రేపు నువ్వు రాకు డాక్టరమ్మా. దవఖానల నీ కోసం మస్తు మంది చూస్తుంటరు."

"మరి నడుం పట్టేస్తే?"

"పడ్తె పడ్తది. గీ గల్లీల గిన్ని చేతులున్నయ్ గద."

అని, నా జవాబు కోసం ఆగకుండా గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. నా వైద్యం ఇక అక్కర్లేదని ఒక రోగి నా మొహం మీద చెప్పడం అదే మొదటిసారి. ఛత్రినాక బస్సెక్కి కూర్చున్నాక ఏడుపొచ్చింది. పక్కనున్న ముసలమ్మ ఏమైంది బిడ్డా అని అడిగితే, సంతోషమమ్మా అని చెప్పాను.